ముందు నిబంధనలు, తర్వాత అనుమతులు: డేటా సెంటర్ల విషయమై వీఎంఆర్‌డీఏకు, జీవీఎంసీకి బహిరంగ లేఖ

విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పాలకవర్గానికి, మహా విశాఖ నగరపాలక సంస్థ అధికారులకు నమస్కారములు.

ఈ లేఖ ద్వారా నేను మిమ్మల్ని కోరుతున్నది ఒక్కటే. మీ పరిధిలో డేటా సెంటర్ల కోసం కొత్తగా వచ్చే దరఖాస్తులకు భూ వినియోగ మార్పిడినీ, భవన ప్లాన్ల ఆమోదాన్నీ ఆరు నెలల పాటు నిలిపి ఉంచండి. ఆ ఆరు నెలల్లో డేటా సెంటర్లకంటూ ప్రత్యేకమైన జోనింగ్ నిబంధనలను, అంటే ఏ స్థలంలో ఏది ఎలా కట్టవచ్చో చెప్పే నిబంధనలను, ముసాయిదాగా రాసి, ప్రజల అభ్యంతరాలు విని, ఖరారు చేయండి. ప్రభుత్వం ఇప్పటికే భూములు కేటాయించిన ప్రాజెక్టులను రద్దు చేయమని నేను అడగడం లేదు. అయితే ఆ భూముల్లో లేచే భవనాలకు ప్లాన్ ఆమోదం ఇచ్చే రోజున ఈ కొత్త నిబంధనలే వర్తించాలి. పట్టణ ప్రణాళిక విభాగంలో ఉద్యోగం చేసి విరమించినవాడిగా, ఆనందపురం మండలంలో ఇల్లు కట్టుకుని ఉంటున్నవాడిగా ఈ మాట అంటున్నాను.

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్ల కాలంలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి గిగావాట్ స్థాయి డేటా సెంటర్‌ను నెలకొల్పుతామని ప్రకటించింది. దానికోసం అనుకున్న స్థలాలుగా మా మండలంలోని తర్లువాడ, అడవివరం, రాంబిల్లి అనే మూడు పేర్లు ఒక్కసారిగా దేశమంతటా వినపడ్డాయి. అదే నెలలో రుషికొండలో సిఫీ సంస్థ డేటా సెంటర్‌కూ, సముద్రగర్భ కేబుల్ తీరానికి చేరే కేంద్రానికీ శంకుస్థాపన జరిగింది. నవంబరులో రిలయన్స్, బ్రూక్‌ఫీల్డ్, డిజిటల్ రియాల్టీల ఉమ్మడి సంస్థ మరో గిగావాట్ కేంద్రాన్ని ప్రకటించింది. ఇంత పెద్ద పెట్టుబడులు మన ప్రాంతాన్ని వెతుక్కుంటూ రావడం నాకూ సంతోషమే. కానీ రెండు నెలల వ్యవధిలో ఇన్ని ప్రకటనలు వెలువడిన చోట, ఏ స్థలంలో ఏది కట్టవచ్చు, ఇళ్లకు ఎంత దూరంలో కట్టాలి, ఎంత శబ్దం చేయవచ్చు, ఎక్కడి నీళ్లు వాడుకోవచ్చు అన్న ప్రశ్నలకు ఒక్కొక్క దరఖాస్తు వచ్చినప్పుడల్లా విడివిడిగా జవాబు వెతుక్కోవడం ప్రణాళికా సంస్థ చేయవలసిన పని కాదు.

ఒక గిగావాట్ అంటే ఎంతో ముందు చూద్దాం. పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,000 మెగావాట్లు. అందులో సగం కరెంటును రాత్రీ పగలూ తేడా లేకుండా ఒకే ప్రాంగణం వాడుకుంటే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు అవుతుంది. ఆ కరెంటును మోసుకొచ్చే హైటెన్షన్ లైన్లు ఎవరి పొలాల మీదుగా వస్తాయి, సబ్‌స్టేషన్లకు ఎంత స్థలం కావాలి, ఆ లైన్ల కింద ఇక మీదట ఇల్లు కట్టుకోవడానికి వీల్లేని భూమి ఎంత అన్నవన్నీ భూ వినియోగానికి సంబంధించిన ప్రశ్నలే. ప్రహరీ లోపలి స్థలానికి మాత్రమే ప్లాన్ పరిశీలించి, ప్రహరీ బయట దాని వెంట వచ్చే వాటిని విద్యుత్ శాఖ చూసుకుంటుందని వదిలేస్తే మాస్టర్ ప్లాన్‌కు అర్థం ఉండదు.

డేటా సెంటర్‌ను ఐటీ భవనాల లెక్కలో జమకట్టడం దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఐటీ భవనాలకు మనం రాసుకున్న నిబంధనలన్నీ మనుషులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎంతమంది పనిచేస్తారు, ఎన్ని కార్లు నిలపాలి, ఎన్ని మెట్ల మార్గాలు ఉండాలి, రోడ్డు ఎంత వెడల్పు కావాలి అన్నవే అందులోని కొలతలు. డేటా సెంటర్‌లో మనుషులు అతి తక్కువ. అక్కడ ఉండేవి సర్వర్లనే శక్తిమంతమైన కంప్యూటర్లు, వాటిని చల్లబరిచే చిల్లర్లు, వరసలుగా డీజిల్ జనరేటర్లు, ఆ జనరేటర్లకు వేల లీటర్ల ఇంధన నిల్వ, గదుల నిండా బ్యాటరీలు, పక్కనే సబ్‌స్టేషన్. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2020లో విడుదల చేసిన డేటా సెంటర్ విధాన ముసాయిదా కూడా వీటిని జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ప్రత్యేక వర్గంగా గుర్తించాలని సూచించింది. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో రుణాలు సులువుగా దొరికేలా వీటికి మౌలిక వసతుల హోదా ప్రకటించారు. రుణాల విషయంలో ప్రత్యేకమైనవిగా చూసినప్పుడు, స్థలం విషయంలోనూ ప్రత్యేకమైనవిగానే చూడాలి.

ఈ విషయంలో మనకంటే ముందు నడిచిన ప్రాంతం అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీ. అక్కడి ఆష్‌బర్న్, ఆల్డీ ప్రాంతాల్లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ పేర్లు మీలో చాలామందికి పరిచయమే. ప్రపంచంలో మరెక్కడా లేనన్ని డేటా సెంటర్లు అక్కడ ఒకేచోట గుమిగూడాయి. దానికి కారణాల్లో ఒకటి అక్కడి జోనింగ్ పద్ధతి. కొన్ని జోన్లలో డేటా సెంటర్‌ను దానంతట అదే అనుమతి ఉన్న వినియోగంగా ఏళ్ల తరబడి ఉంచారు. కొలతలు సరిపోతే చాలు, బహిరంగ విచారణ లేకుండా, ఎన్నికైన బోర్డు ముందు ఓటింగు లేకుండా కట్టుకోవచ్చు. కార్యాలయాల కోసం, దుకాణాల కోసం అనుకున్న స్థలాలు ఒక్కొక్కటిగా కిటికీల్లేని పెద్ద పెద్ద పెట్టెల్లాంటి భవనాలతో నిండిపోయాయి. 2022 జులైలో అక్కడి విద్యుత్ సంస్థ డొమినియన్, తూర్పు లౌడన్‌లో కొత్త డేటా సెంటర్లకు సరిపడా కరెంటు తెచ్చే లైన్లు లేవని చెప్పవలసి వచ్చింది. చివరకు 2025 మార్చిలో కౌంటీ బోర్డు ఆ ఆటోమేటిక్ అనుమతి పద్ధతిని ఎత్తేసి, ఇకపై ప్రతి కొత్త డేటా సెంటర్ బహిరంగ విచారణకు వచ్చి తీరాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం జరిగేనాటికి కౌంటీలో డేటా సెంటర్ల సంఖ్య 200కు దగ్గరపడింది. ఇళ్ల గోడల పక్కన అప్పటికే లేచిన భవనాలకు కొత్త నిబంధన వర్తించదు, వాటిని జరపడం సాధ్యం కాదు.

వర్జీనియా శాసనసభకు చెందిన ఆడిట్, సమీక్షా సంఘం 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదికను మీ ప్రణాళికాధికారులు తప్పక చదవాలి. అది డేటా సెంటర్లకు వ్యతిరేకంగా రాసిన నివేదిక కాదు. చాలా డేటా సెంటర్లు వాడే నీళ్లు ఒక పెద్ద కార్యాలయ భవనం వాడే నీళ్లకు మించవని కూడా అది చెప్పింది, కొన్ని మాత్రం చాలా ఎక్కువ వాడతాయని చెప్పింది. దాదాపు రెండున్నర లక్షల చదరపు అడుగుల డేటా సెంటర్‌లో శాశ్వతంగా పనిచేసేవారు సుమారు 50 మంది అనీ, ఉపాధిలో ఎక్కువ భాగం నిర్మాణ దశలోనే ఉంటుందనీ లెక్క కట్టింది. రాష్ట్రంలోని డేటా సెంటర్లలో మూడో వంతు నివాస ప్రాంతాలకు దగ్గరగానే ఉన్నాయని తేల్చింది. అంత అనుభవమున్న, డబ్బున్న, కచ్చితంగా కొలిచి రికార్డు పెట్టే ప్రాంతంలో జరిగిన పరిణామం ఇది.

లౌడన్‌ను ఉదాహరణగా చూపించి ఇక్కడ కూడా అంతే లాభం వస్తుందని చెప్పేవారు ఒక విషయం మరిచిపోతున్నారు. అక్కడ స్థానిక ప్రభుత్వమే సర్వర్ల విలువ మీద, లోపలి యంత్ర సామగ్రి మీద ఏటా పన్ను వేస్తుంది. సర్వర్లను కొన్నేళ్లకొకసారి మారుస్తారు కాబట్టి ఆ ఆదాయం తరగకుండా వస్తూనే ఉంటుంది. ఆ డబ్బుతోనే కౌంటీ బడులు నడుపుకుంటోంది, ఇళ్ల మీద పన్ను రేటు తగ్గించుకోగలుగుతోంది. శబ్దం భరించే ఊరికే ఆ డబ్బు చేరుతుంది. మన దగ్గర ఆస్తి పన్ను భవనం మీద, స్థలం మీద. లోపల వేల కోట్ల విలువైన చిప్పులున్నా జీవీఎంసీకి గానీ తర్లువాడ పంచాయతీకి గానీ వాటి మీద ఏమీ రాదు. కాబట్టి లౌడన్ ప్రజలకు దక్కిన ప్రతిఫలం మనకు దానంతట అది రాదు, దాన్ని ఒప్పందాల్లోనూ నిబంధనల్లోనూ రాసుకోవాలి. నా దృష్టిలో ఈ ఆరు నెలల విరామానికి ఇదొక్కటే చాలినంత కారణం.

విరామం అనగానే అభివృద్ధి నిరోధం అనే మాట వస్తుంది. 2019 జులైలో ఆమ్‌స్టర్‌డామ్, దాని పక్కనే ఉన్న హార్లెమ్మర్‌మేర్ మున్సిపాలిటీలు కొత్త డేటా సెంటర్లను ఏడాది పాటు ఆపాయి. యూరప్‌లో ఆ పరిశ్రమకు ముఖ్య కేంద్రాల్లో ఆమ్‌స్టర్‌డామ్ ఒకటి, అది మూతపడిపోలేదు. ఏ ప్రాంతాల్లో కట్టవచ్చో గీత గీసి, విద్యుత్ పొదుపు ప్రమాణాలు పెట్టి, 2020లో మళ్లీ తలుపులు తెరిచారు. సింగపూర్ కూడా 2019 నుంచి కొంతకాలం ఆపి, 2022లో కఠినమైన ప్రమాణాలతో మళ్లీ అనుమతులు మొదలుపెట్టింది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కొవీటా కౌంటీ 2025లో 180 రోజుల విరామం ప్రకటించి నిబంధనలు రాసుకునే పని చేపట్టింది. అదే ఏడాది ఆగస్టులో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ చార్లెస్ నగరం ఏడాది పాటు ఆపింది. ఇవేవీ పెట్టుబడిని ద్వేషించే ప్రాంతాలు కావు.

విశాఖ వాసులకు పరాయి దేశాల ఉదాహరణలు కూడా అక్కర్లేదు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ (తర్వాతి ఎల్‌జీ పాలిమర్స్) కర్మాగారం పెట్టినప్పుడు అది ఊరికి దూరం. తర్వాత ఊరు దాని చుట్టూ పెరిగింది, ఆ పెరుగుదలకు లేఅవుట్లు వేసిందీ, ఇళ్లకు ప్లాన్లు ఇచ్చిందీ మన సంస్థలే. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఆ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఇళ్లలోకి చేరి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ ఆ కర్మాగారాన్ని జనావాసాల నుంచి తరలించాలని సిఫారసు చేసింది. డేటా సెంటర్ విషవాయువులు వదిలే కర్మాగారం కాదు, రెండింటినీ ఒక్కటిగా నేను చూపడం లేదు. కర్మాగారం ఊరి దగ్గరికి రాకపోయినా ఊరే కర్మాగారం దగ్గరికి వెళ్తుంది, ఆ మధ్య ఖాళీని కాపాడవలసింది ప్రణాళికా సంస్థ అన్నదే నేను చెప్పదలచుకున్నది. ఇవాళ తర్లువాడ చుట్టుపక్కల పూలతోటలు, మామిడి, జీడి తోటలు కనపడుతున్నాయి. ఆనందపురం పూల మార్కెట్‌కు పూలు పంపే మండలం ఇది. ఒకవైపు మధురవాడ, మరోవైపు భోగాపురం విమానాశ్రయం, నడుమ ఆరు వరసల జాతీయ రహదారి ఉన్న ఈ మండలం పదేళ్ల తర్వాత ఇళ్లతో నిండిపోతుందని మీ కార్యాలయానికి వచ్చే లేఅవుట్ దరఖాస్తులే చెబుతాయి. ఇవాళ ఖాళీ భూమే కదా అని గీసిన గీత రేపు ఎవరి పడకగది గోడకు ఆనుకుంటుందో ఇప్పుడే ఆలోచించాలి.

మన వాతావరణం గురించి కూడా చెప్పాలి. వర్జీనియాలో చలికాలం చాలా నెలలు బయటి చల్లగాలే సర్వర్లను చల్లబరచడానికి ఉపయోగపడుతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ భాగం ఉక్కపోతే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు నీటిని ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతి అంతగా పనిచేయదు. నీళ్లు తక్కువ వాడాలంటే పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలిని తోసే చిల్లర్లు పెట్టాలి, అప్పుడు కరెంటూ శబ్దమూ రెండూ పెరుగుతాయి. అంటే నీళ్లు మిగిల్చితే నిద్ర పోతుంది, నిద్ర మిగిల్చితే నీళ్లు పోతాయి. ఏది ఎక్కడ వదులుకోవాలో స్థలాన్ని బట్టి మీరు నిర్ణయించాలి, సంస్థ తన ఖర్చును బట్టి నిర్ణయించుకోకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పూట శబ్దం 45 డెసిబెళ్లు దాటకూడదు. పారిశ్రామిక ప్రాంతంలో 70 దాకా ఉండవచ్చు. ఈ రెండు జోన్లూ ఒక్క గోడతో విడిపోయిన చోట ఏ అంకె చెల్లుతుంది? పైగా ఆ నియమాల్లోని కొలత, చెవికి మామూలుగా వినపడే శబ్దానికి ప్రాధాన్యం ఇచ్చి, నిరంతరంగా గుయ్యిమనే మంద్రధ్వనిని తక్కువ చేసి చూపిస్తుంది. డేటా సెంటర్ల పక్కన నివసించే వాళ్లు ఎక్కువగా మొరపెట్టుకునేది ఆ మంద్రధ్వని గురించే.

ఇక తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరం మీద విరుచుకుపడిన తర్వాత చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అలాంటి రోజులు మళ్లీ వస్తే ఊరంతా చీకట్లో, కిటికీలు తెరుచుకుని పడుకుని ఉన్నప్పుడు, పక్క ప్రాంగణంలో వందల డీజిల్ జనరేటర్లు రాత్రింబవళ్లు ఆగకుండా తిరుగుతాయి. ఇతర ప్రాంతాల్లో జనరేటర్లు నెలకొకసారి పరీక్ష కోసం నడిపే పరికరాలు. తీరప్రాంతంలో అవి కొన్నిసార్లు ప్రధాన విద్యుత్ కేంద్రమే అవుతాయి. వాటి పొగ ఏ దిక్కుకు పోతుంది, ఇంధన ట్యాంకులు వరద నీటికి ఎంత ఎత్తులో ఉండాలి, ట్యాంకర్లు ఏ దారిన రావాలి అన్నవి నిబంధనల్లో ఉండాలి. అగ్ని ప్రమాదం సంగతి కూడా అంతే. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం అయాన్ బ్యాటరీలకు నిప్పంటుకుని వందల కొద్దీ ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఆనందపురానికి అలాంటి మంటను అదుపు చేయగల అగ్నిమాపక సామగ్రి ఎంతసేపట్లో చేరుతుందో చూడకుండా బ్యాటరీ గదులకు ప్లాన్ ఆమోదించకూడదు.

అడవివరం, ముడసర్లోవ విషయంలో నా ఆందోళన మరింత ఎక్కువ. ముడసర్లోవ జలాశయం మన నగరానికి తొలినాటి నీటి వనరుల్లో ఒకటి. ఆ పక్కనే కంబాలకొండ అభయారణ్యం ఉంది. సింహాచలం కొండల మీద పడిన వాన ఆ లోయలోకి దిగి భూమిలో ఇంకుతుంది. ఆ వాలులో ఎన్ని ఎకరాలు కాంక్రీటుతో కప్పవచ్చు అన్నది ఒక సంస్థ దరఖాస్తుకు జవాబుగా తేల్చే విషయం కాదు. నగరానికి మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు కాలువల నుంచి నీళ్లు తెచ్చుకుంటున్నాం, వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే వీధులు ఇప్పటికీ ఉన్నాయి. డేటా సెంటర్లకు శుద్ధి చేసిన మురుగునీటినే వాడాలన్న షరతు పెడితే, దానికి తగిన శుద్ధి కేంద్రం, పైపులైను ముందు సిద్ధం కావాలి. తాగునీటి లైను తాత్కాలికంగా ఇచ్చి, తర్వాత చూద్దామనడం వద్దు.

ఇంత పెద్ద నిర్మాణాల గురించి చట్టప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ ఎటూ జరుగుతుంది కదా అని కొందరు అనుకుంటున్నారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో డేటా సెంటర్ అనే ప్రత్యేక పద్దు లేదు. భవన నిర్మాణాల పద్దు కింద వచ్చినవాటికి ఆ నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. అందువల్ల ఊరి జనం తమ మాట చెప్పుకోగలిగిన చోటు మీ కార్యాలయం తప్ప మరొకటి దాదాపు లేదు. భూ వినియోగ నియంత్రణ, పట్టణ ప్రణాళిక స్థానిక సంస్థలకు దక్కవలసిన విధులని 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పేర్కొంది. సింగిల్ విండోలో అన్ని అనుమతులూ వేగంగా ఇచ్చే పద్ధతి మంచిదే కావచ్చు, కానీ ఆ కిటికీ దగ్గర పొరుగువాడికి నిలబడే చోటు లేదు.

నిబంధనల్లో ఏం ఉండాలో నా అభిప్రాయం చెబుతాను. డేటా సెంటర్‌ను ప్రత్యేక వినియోగంగా నిర్వచించాలి, విద్యుత్ సామర్థ్యాన్ని బట్టి చిన్నవాటిని, పెద్దవాటిని వేరు చేయాలి. పెద్దవి నిర్దిష్ట మండలాల్లోనే, ప్రతిసారీ బహిరంగ విచారణ తర్వాతే రావాలి. ఇళ్ల నుంచి దూరాన్ని ప్రహరీ నుంచి కాకుండా, అన్నిటికంటే దగ్గరలో ఉన్న జనరేటరు లేదా చిల్లర్ నుంచి కొలవాలి. ఆ దూరంలో మీరు కూడా భవిష్యత్తులో నివాస లేఅవుట్లు ఇవ్వకూడదు. ఎందుకంటే వెంకటాపురంలో జరిగిన తప్పు ఇళ్ల పక్కన కర్మాగారం కట్టడం కాదు, కర్మాగారం పక్కన ఇళ్లకు అనుమతులివ్వడం. శబ్దాన్ని ప్రారంభానికి ముందు అంచనా వేయడంతో సరిపెట్టకుండా, నడుస్తున్నప్పుడు ఏటా స్వతంత్రంగా కొలిచి ఫలితాలను పంచాయతీ కార్యాలయంలో తెలుగులో అంటించాలి. ఏటా వాడిన నీళ్లు, కరెంటు, జనరేటర్లు నడిచిన గంటలు బహిరంగపరచాలి. వాణిజ్య రహస్యమన్న సాకు ఇక్కడ చెల్లకూడదు. అన్నిటికీ మించి, స్థానిక సంస్థకు ఏటా చేరే ఆదాయం ఎంతో అనుమతి పత్రంలోనే రాసి ఉండాలి.

ఆరు నెలలు ఆగితే పెట్టుబడి వేరే రాష్ట్రానికి వెళ్లిపోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. అయితే వర్జీనియాలోనే లౌడన్ పక్కనున్న ప్రిన్స్ విలియం కౌంటీలో ఏం జరిగిందో చూడండి. 2023 డిసెంబరులో అక్కడ 2,100 ఎకరాల డేటా సెంటర్ ప్రాజెక్టుకు జోన్ మార్చారు. బహిరంగ విచారణకు పత్రికా ప్రకటన చట్టప్రకారం ఇవ్వలేదన్న కారణంతో 2025 ఆగస్టులో కోర్టు ఆ మార్పు చెల్లదని తీర్పు ఇచ్చింది. హడావుడిగా ఇచ్చిన అనుమతి వల్ల పెట్టుబడిదారు పోగొట్టుకున్న కాలం, మీరు తీసుకోబోయే ఆరు నెలలకంటే చాలా ఎక్కువ. ఏ సంస్థ అయినా ముప్పై ఏళ్ల కోసం స్థలం వెతుక్కునేటప్పుడు కోరుకునేది మధ్యలో మారని నిబంధనలు, పొరుగువాడు కోర్టుకు వెళ్లే అవసరం లేని చోటు.

విరామానికి సంబంధించిన తుది నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిదే అయినా, తీర్మానం చేసి పంపే అధికారం మీకుంది. మీ పాలకవర్గం తదుపరి సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చండి. ముసాయిదా సిద్ధమయ్యాక దాన్ని గెజిట్‌లో, వెబ్‌సైట్‌లో ఇంగ్లిషులో పెట్టి ఊరుకోకుండా, సరళమైన తెలుగులో పటాలతో సహా ఆనందపురం, రాంబిల్లి మండలాల గ్రామ సచివాలయాల్లోనూ, అడవివరం పరిసర వార్డు సచివాలయాల్లోనూ అందుబాటులో ఉంచండి. అభ్యంతరాలకు కనీసం 60 రోజుల గడువివ్వండి. మూడు చోట్లా, కూలి పనులకు వెళ్లే వాళ్లు కూడా రాగలిగేలా సాయంత్రం పూట సభలు పెట్టి, విన్న ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఈ లేఖ ప్రతిని పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శికి కూడా పంపుతున్నాను. ముసాయిదా రాసే పనిలో నా అనుభవం ఏ కొంచెం ఉపయోగపడుతుందనుకున్నా, ప్రతిఫలం లేకుండా వచ్చి మీ ప్రణాళికాధికారులతో కూర్చుని పనిచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఆనందపురం మండల నివాసి, పట్టణ ప్రణాళిక విభాగ విశ్రాంత ఉద్యోగి